నెలవంకతో తొలి పాఠం

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న శ్రీహరికోట నుండి 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరింది. అయినను చంద్రుడెందుకు తరుగుతాడని అడిగితే, భూమి నీడ వలన అని చెప్పే పిల్లలు ఈ తీరంలోనూ ఉన్నారు. భూమి నీడ వలన కలిగేది చంద్రగ్రహణం మాత్రమే.

చీకటి గదిలో దీపం వెలిగించి, పిల్లవాని చేతికి బంతినిచ్చి, తలకంటే కొంచెం ఎత్తున చాచి పట్టుకొని నిలిచినచోటనే చుట్టూ తిరగమనండి. దీపం సూర్యుడు, బంతి చంద్రుడు, అతని తల భూమి. బంతిలో సగం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది; కనిపించే భాగమే మారుతుంది.

ఈ చక్రానికి సుమారు 29½ రోజులు. రంజాన్ నెల 29 లేక 30 రోజులుండుటకూ, పంచాంగంలోని తిథులకూ మూలమిదే.

విద్యార్థులారా, ఈసారి నెలవంక కోసం డాబా ఎక్కినప్పుడు తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ వెంటబెట్టుకొని వెళ్లండి. దాని వెలుగు అంచు సూర్యుడు క్రుంకిన వైపే ఎందుకున్నదో వారినే చెప్పనివ్వండి.