రైతు వ్రేలిముద్రకు రక్షణ కలదా?



పూర్వము మన పెద్దలు ధాన్యమును పాతరలో పోసి, పైన మన్ను కప్పి, ఆ చోటు ఇంటివారికి దప్ప నితరులకు తెలియకుండ కాపాడెడివారు. పాతరకు తాళము లేదు. జాడ తెలియకుండుటయే దానికి తాళము. నేడు మన పంటసొమ్ములో చాలభాగము బ్యాంకు ఖాతాలో నొక అంకెగా నున్నది. ఆ అంకెను చేరుటకు దారులు మన ఆధార్ సంఖ్య, మన ఫోను, మన వ్రేలిముద్ర. ఈ జాడ ఎందరికి తెలిసియున్నదో, దానిని కాపాడుకొనుట మనకు సాధ్యమో కాదో ఈ పాఠమున విచారింతము.

1. పెద్దపల్లి జిల్లాలో జరిగిన సంగతి

2018వ సంవత్సరము జూన్ నెలలో తెలంగాణములోని పెద్దపల్లి జిల్లాకు చెందిన సిమ్ కార్డుల వర్తకు డొకడు పోలీసులకు పట్టుబడెను. అతడు ఎవరి ఇంటికిని కన్నము వేయలేదు. ఆ కాలమున రిజిస్ట్రేషను శాఖవారి వెబ్‌సైటులో భూముల దస్తావేజుల నకళ్లు చూచుటకు వీలుండెను. ఆ నకళ్లపై కొన్నవారివి, అమ్మినవారివి వ్రేలిముద్రలును ఆధార్ సంఖ్యలును ఉండెను. అతడు ఆ ముద్రలను దింపుకొని, రబ్బరుముద్రల వంటి వానిని తయారుచేసి, యంత్రముపై నొత్తి, ఆ రైతుల పేర వేలకొలది సిమ్ కార్డులను పనిచేయునట్లు చేసెను. తన అమ్మకపు లెక్కను పెంచుకొనుటకే యిట్లు చేసెనని తేలెను.

ఆ ముద్రలవారు చేసిన తప్పేమి? వారు ఎవరికిని రహస్యము చెప్పలేదు. భూమిని కొనిరి, లేక అమ్మిరి. చట్టము కోరినట్లు వ్రేలు అద్దిరి. అంతియే. తరువాతి సంవత్సరములలో ఇట్టి కృత్రిమముద్రలతోనే దేశములో పలుచోట్ల బ్యాంకు ఖాతాలనుండి సొమ్ము లాగబడినది. పిదప దస్తావేజులలోని ముద్రలను మరుగుపరుపవలెనని కేంద్ర ప్రభుత్వమువారు రాష్ట్రములకు సూచించిరి.

2. ముద్రతో సొమ్ము వచ్చు విధము

గ్రామములో బ్యాంకు మిత్ర యొద్ద మనము సొమ్ము తీసుకొనునపుడు మూడు వివరములు చాలును: బ్యాంకు పేరు, ఆధార్ సంఖ్య, వ్రేలిముద్ర. ఓటీపీతో పని లేదు, పిన్‌తో పని లేదు. ఒక్క పర్యాయమునకు 10,000 రూపాయల వరకు తీయవచ్చును. పట్టణమునకు నడువలేని వృద్ధులకును, చదువురాని వారికిని ఇది గొప్ప మేలు చేసినది. ఆ మేలును కాదనరాదు. కాని సులభముగా తెరచుకొను తలుపు యజమానునికి వలెనే దొంగకును సులభమే.

ఇచట ముఖ్యమైన భేద మొకటి కలదు. పిన్ పరులకు తెలిసినచో మార్చుకొనవచ్చును. తాళపుచెవి పోయినచో క్రొత్త తాళము వేయవచ్చును. వ్రేలిముద్ర మారదు. పైగా మనము ముట్టిన చెంబుమీదను, గాజుపలకమీదను, సంతకము చేయు ప్రతి కాగితము మీదను దానిని విడిచి వచ్చుచున్నాము. కావున వ్రేలిముద్ర మన పేరు వంటిదే గాని రహస్యము వంటిది కాదు. పదిమందికి తెలిసిన పేరును తాళముగా వాడుట వలననే చిక్కు వచ్చినది.

3. సంపూర్ణ రక్షణ సాధ్యమా?

సాధ్యము కాదు. ఈ మాట దాచుట మేలు కాదు. సజీవమైన వ్రేలికిని, చేసిన ముద్రకును భేదమును కనిపెట్టు పద్ధతిని ఆధార్ సంస్థవారు 2023లో ప్రవేశపెట్టిరి. అది మంచిదే. అయినను చేనికి కంచె వేసినంతనే అడవిపందులు ఊరు విడిచి పోవు; మరియొక సందు వెదకును. అందుచేత రైతు కంచె మానునా? కంచె వేయును, మంచెపై కావలియు నుండును, పంట నంతయు ఒక్క కళ్లములోనే ఉంచడు. ఇచటను మార్గ మదియే. నష్టము రాకుండ చూచుట కొంతవరకే మన వశము. వచ్చిన నష్టము చిన్నదగునట్లు చేయుట చాలవరకు మన వశము.

4. సభ్యులు చేయవలసిన పనులు

మొదటిది: ఆధార్ వారి వెబ్‌సైటునందును, వారి అధికారిక ఫోను యాప్‌నందును వ్రేలిముద్రకు తాళము వేసెడి వసతి కలదు. దీనికి రుసుము లేదు. ఆధార్‌కు మన ఫోను నంబరు జతపడి యుండవలెను. తాళము వేసినంతకాలము మన ముద్ర ఎచటను చెల్లదు. అయితే రేషను దుకాణమునకు గాని, పింఛనునకు గాని, బ్యాంకు మిత్ర యొద్దకు గాని పోవునపుడు ముందుగా తాళము తీసుకొనవలెను. లేనిచో మన ముద్రయే తిరస్కరింపబడును.

రెండవది: ఆధార్ నకలు ఈయవలసి వచ్చినపుడు, చివరి 4 అంకెలు మాత్రమే కనబడు నకలును, అది చెల్లుచోట నెల్ల ఇయ్యవలెను.

మూడవది: బ్యాంకు మిత్ర యొద్ద వ్రేలు పెట్టుటకు ముందు యంత్రముపై వ్రాసిన మొత్తమును చూడవలెను, లేదా నమ్మకస్తునిచే చదివించుకొనవలెను. “సర్వరు రాలేదు, మరల పెట్టుడు” అన్నచో నిలువ ఎంత యున్నదో తెలిసికొనకుండ రెండవసారి పెట్టరాదు. రసీదు తప్పక అడుగవలెను.

నాలుగవది: పంట అమ్మిన సొమ్మును అక్కరకు మించి సేవింగ్సు ఖాతాలో నుంచక కాలపరిమితి డిపాజిట్టుగా మార్చుకొనవలెను. ఆ డిపాజిట్టులోని సొమ్ము వ్రేలిముద్రతో రాదు.

ఐదవది: పి.ఎం. కిసాన్ పేరనో, బ్యాంకు పేరనో వాట్సాప్‌లో వచ్చు యాప్‌లను ఫోనులో ఎక్కించుకొనరాదు. ఓటీపీని ఎవరికిని చెప్పరాదు.

ఆరవది: సొమ్ము పోయినట్లు తెలిసిన క్షణమే 1930 నంబరునకు ఫోను చేసి, బ్యాంకునకును తెలుపవలెను. ఖాతాదారుని తప్పును బ్యాంకు తప్పును లేక మూడవవాని మోసముచే సొమ్ము పోయినచో, 3 పనిదినములలోగా తెలిపిన ఖాతాదారునిపై బాధ్యత లేదని రిజర్వు బ్యాంకువారు 2017లో ఉత్తరువు చేసిరి. కావున సిగ్గుపడి దాచుకొని కూర్చుండుట తగదు.

5. సంఘము చేయవలసిన పనులు

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని పుట్టస్వామి గారి వ్యాజ్యమున సుప్రీంకోర్టువారు 2017 ఆగస్టు 24వ తేదీన 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనముచే ఏకగ్రీవముగా తీర్పుచెప్పిరి. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము చేసినది. 2022లో కేంద్ర ప్రభుత్వమువారు 63,000 ప్రాథమిక సహకార సంఘముల లెక్కలను కంప్యూటరులోనికి మార్చుటకు అనుమతించిరి. సంఘముల చిట్టాలు ఈ విధముగా బీరువానుండి యంత్రములోనికి పోవుచున్నవి.

అందుచే సంఘమునకు క్రొత్త బాధ్యత వచ్చినది. సభ్యుల ఆధార్ నకళ్లు బల్లపై పడియుండరాదు. వానిని వాట్సాప్‌లో పంపరాదు. అప్పుల జాబితాను గోడకు అంటించునపుడు ఆధార్ సంఖ్యలను, ఖాతా సంఖ్యలను వ్రాయరాదు. ఒకే పాస్‌వర్డును గుమాస్తాలందరు వాడరాదు. కంచెయే చేను మేసినచో సభ్యుడు ఎవరితో చెప్పుకొనును? ఈ విషయములపై ఏ యేర్పాటు జరిగినదని మహాజన సభలో అడుగుటకు ప్రతి సభ్యునకును హక్కు గలదు. అడుగుట కలహము కాదు.

సంతకము చేయనేర్చినవారికంటె వ్రేలు అద్దువారికే ఈ పాఠము ముఖ్యము. వారు దీనిని చదువజాలరు. కావున చదువనేర్చిన సభ్యులు దీనిని రచ్చబండ యొద్ద చదివి వినిపించి, ఇరుగుపొరుగువారి ముద్రలకు తాళము వేయుటలో సాయపడుదురుగాక.