శలాకాపరీక్ష - ప్రశ్నక్రీడ : తరగతిలో విద్యార్థిని పరీక్షించు విధానములపై ఒక పరిశీలన

ప్రాచీన పాఠశాలలలో శలాకాపరీక్ష ప్రసిద్ధమైనది. తాళపత్రగ్రంథమున శలాకను గ్రుచ్చి, అది తగిలిన పత్రమునందలి పంక్తిని విద్యార్థిచే వ్యాఖ్యానింపజేయుదురు. ఏ పత్రము వచ్చునో పరీక్షకునకును ముందుగా తెలియదు. అఖిలభారత శాస్త్రీయస్పర్ధలలో నేటికిని ఈ పేర పోటీలు జరుగుచున్నవి.

అంతర్జాలమున నడచు ప్రశ్నక్రీడలు నేటి తరగతులలో ప్రవేశించినవి. నార్వేలో పుట్టిన కహూట్ 2013లోను, బెంగుళూరులో పుట్టిన క్విజిజ్ 2015లోను వెలువడినవి. రెండవదాని పేరు 2025లో వేగ్రౌండ్ అని మారినది. బెంగుళూరు రహదారిపై నున్న పలమనేరు విద్యార్థులకు ఫోను క్రొత్త గాదు. క్రీడ పనికివచ్చునా అనునది ఇచట ప్రశ్న గాదు, అది దేనిని కొలుచుచున్నదనునదియే ప్రశ్న.

కహూట్ సామాన్యనియమము ననుసరించి తక్షణమే ఇచ్చిన సరియైన సమాధానమునకు 1000 పాయింట్లు, గడువు చివర ఇచ్చినదానికి అందు సగము. సూత్రమును స్మరించి, అపవాదమును పరిశీలించి చెప్పు విద్యార్థి ఇందు వెనుకబడును. వ్యాకరణతరగతికి ఇది తగదు. గడువు తొలగించుటకు వీలున్న క్రీడనే అధ్యాపకుడు గ్రహింపవలెను.

అయినను క్రీడలో ఒక గుణము గలదు. "మహర్షి" ఏ సంధి యని అడిగి గుణ, వృద్ధి, సవర్ణదీర్ఘ, యణాదేశములను నాలుగు వికల్పములుగా నిచ్చినచో, తప్పు సమాధానము సైతము బోధకునకు ఉపకరించును. సవర్ణదీర్ఘమన్నవాడు "మహా" అను పూర్వపదమునే చూచినాడు. యణాదేశమన్నవాడు ఋకారమునకు రేఫ వచ్చుటను గ్రహించినాడు గాని, అది "పిత్రాజ్ఞ" వంటి చోట్ల జరుగు కార్యమని, ఇచట అకార ఋకారములు రెండింటికి కలిపి "అర్" వచ్చినదని ఎరుగడు. ముప్పదిమందిలో ఎవరెవరు ఎచట తడబడిరో ఒక నిమిషమున తెలియుట మౌఖికపరీక్షలో సాధ్యము గాదు.

దోషము ప్రశ్నకర్తయందును ఉండవచ్చును. "పీతాంబర" శబ్దమును సందర్భము లేక యిచ్చి సమాసమడిగినచో కర్మధారయము, బహువ్రీహి రెండును సరియే. యంత్రము ఒకదానినే అంగీకరించును. రెండవది చెప్పిన బుద్ధిమంతునకు సున్న వచ్చును. ఇట్టి అన్యాయము తరగతిలో వాదమునకు తావీయవలెను గాని తెరపై ఎఱ్ఱగుర్తుతో ముగియరాదు. "ఇంద్రశత్రుః" విషయము మరింత స్పష్టము. ఉదాత్తము అంత్యమందున్న తత్పురుషము, ఆదియందున్న బహువ్రీహి. మూగ తెరకు స్వరభేదము తెలియదు.

ఈ సరిహద్దు ప్రాంతమున మరియొక చిక్కు గలదు. తెలుగు, కన్నడ, తమిళములు కలసిన యిండ్లనుండి పిల్లలు వత్తురు. తమిళలిపిలో మహాప్రాణములకు వేరు అక్షరములు లేవు. ఆ లిపితో అక్షరాభ్యాసమైన బాలుడు తెరపై "ధనము"ను గుర్తించి నొక్కును, నోట "దనము" అనును. క్రీడలో పూర్ణాంకములు వచ్చినను ఉచ్చారణదోషము నిలిచియే యుండును.

ప్రతివిద్యార్థికి ఫోను లేనిచోట ప్లికర్స్ పద్ధతి అనుకూలము. ముద్రించిన కాగితపుచీటిని విద్యార్థి నాలుగు దిక్కులలో నొకవైపు త్రిప్పి పట్టుకొనును, అధ్యాపకుని ఒక్క ఫోను కెమెరా వానినన్నిటిని చదువును. ఫలితము చూచిన వెంటనే, సరిగా చెప్పినవారిలో ఒకరిని చీట్లు వేసి ఎన్నుకొని, ఆ రూపమునే సూత్రసహితముగా నోట సాధింపజేసినచో శలాకాపరీక్షకు క్రీడ ఉపాంగమగును.