పాత ట్రక్కుకు కొత్త హెడ్డర్లు

మన తెలుగువాళ్ళ పార్టీల్లో కార్ల ప్రస్తావన వస్తే కామ్రీ రీసేల్ వాల్యూ, టెస్లా బ్యాటరీ, అంతటితో సరి. నా దగ్గర పికప్పు ట్రక్కు ఉందని చెబితే మాత్రం "ఏంటండీ, ల్యాండ్‌స్కేపింగ్ బిజినెస్ పెట్టారా?" అని నవ్వుతారు. నాది 2003 షెవర్లే సిల్వరాడో 1500. 5.3 లీటర్ల వి8 ఇంజను. వారంలో ఐదు రోజులు క్లయింటు ఆఫీసుకీ, శని ఆదివారాల్లో హోం డిపోకీ, పండగలకి స్టేజీ సామాను మోయడానికీ పనికొస్తుంది. శాక్రమెంటో పక్కన ఫాల్సమ్‌లో ఉంటాం కాబట్టి కాలిఫోర్నియా చట్టాలన్నీ దీనికి వర్తిస్తాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, కథ మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

కిందటి చలికాలంలో పొద్దున్నే స్టార్టు చేయగానే టిక్ టిక్ మని చప్పుడు మొదలైంది. పది నిమిషాలు నడిపితే తగ్గిపోయేది. ఏ వాల్వో పోయిందని నేను ఇంటర్నెట్టులో వెతుకుతూ కూర్చున్నాను. అప్పుడు మా నాన్నగారు మా దగ్గరే ఉన్నారు. ఆయన ఆర్టీసీ డిపోలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. గ్యారేజీ గుమ్మంలో నిలబడి ఒక నిమిషం విన్నారు. "ఒరేయ్, చల్లగా ఉన్నప్పుడు కొట్టుకుని వేడెక్కితే సర్దుకుంటోందంటే అది వాల్వు కాదురా. మానిఫోల్డు దగ్గర గ్యాసు లీకవుతోంది. ఇనుము వేడికి పెరిగి సందు మూసుకుంటోంది. పిల్లను ఎక్కించుకుని తిరుగుతున్నావు, ముందు అది చూడు" అన్నారు. ఆ చివరి మాటకి నాకు ఒళ్ళు జలదరించింది. ఆ గ్యాసులో వాసన లేని కార్బన్ మోనాక్సైడు ఉంటుంది మరి.

టార్చి లైటు పెట్టి చూస్తే కుడివైపు అన్నిటికన్నా వెనక ఉన్న బోల్టుకి తల లేదు. ఈ ఇంజన్లకి ఇది ప్రసిద్ధమైన జబ్బు. ఇంజను హెడ్డు అల్యూమినియం, మానిఫోల్డు పోత ఇనుము. హెడ్డు వంద డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే మానిఫోల్డు ఐదు వందలు దాటుతుంది. దాదాపు 45 సెంటీమీటర్ల పొడవు మీద రెండింటి వ్యాకోచంలో తేడా నా లెక్కలో ఒకటిన్నర మిల్లీమీటర్లు వచ్చింది. నడిపిన ప్రతిసారీ ఈ లాగుడు చివరి బోల్టుల మీదే పడుతుంది. ఇరవై ఏళ్ళకి ఒకటి తెగడంలో వింతేమీ లేదు.

మానిఫోల్డు ఎలాగూ ఊడదీయాలి కదా, హెడ్డర్లు వేస్తే పోలా అన్న ఆలోచన అక్కడ పుట్టింది. ఈ హెడ్డరుకీ మన సి భాష హెడ్డరు ఫైలుకీ చుట్టరికం లేదు లెండి. కంపెనీ మానిఫోల్డులో ఒక వైపు నాలుగు సిలిండర్ల పొగా ఒకే ఇరుకు గదిలోకి వచ్చి పడుతుంది. హెడ్డరులో ఒక్కో సిలిండరుకీ విడిగా గొట్టం ఉండి, అవన్నీ చివర కలెక్టరు అనే చోట కలుస్తాయి.

విడిగా ఉంటే లాభమేమిటి? ఈ ఇంజనులో సిలిండర్లు పేలే వరస 1-8-7-2-6-5-4-3. బేసి సంఖ్యలు ఎడమవైపు, సరి సంఖ్యలు కుడివైపు. వరస జాగ్రత్తగా చూడండి. 2 తరవాత వెంటనే 6, రెండూ కుడివైపువే. చివరి 3 తరవాత మళ్ళీ 1, రెండూ ఎడమవైపువే. అంటే ప్రతి వైపూ ఒక జంట 90 డిగ్రీల తేడాతో, ఒకదాని వెనక ఒకటిగా పొగ వదులుతుంది. మొదటిది ఇంకా ఖాళీ అవుతుండగానే రెండోది ఒత్తిడితో మీద పడుతుంది. ఒకే లాక్ కోసం రెండు థ్రెడ్లు కొట్టుకున్నట్టన్నమాట. విడి గొట్టాలు వేస్తే ఈ తగువు కొంత తీరుతుంది.

రెండో లాభం అలలది. పొగ దెబ్బ గొట్టం చివరికి చేరగానే తక్కువ ఒత్తిడి ఉన్న అల ఒకటి వెనక్కి తిరిగి వస్తుంది. వాల్వు మూసుకోబోయే వేళకి అది చేరిందంటే మిగిలిన పొగని బయటికి పీలుస్తుంది. గొట్టం పొడుగ్గా ఉండే లాంగ్ ట్యూబు హెడ్డర్ల ప్రచారమంతా దీని మీదే. 600 డిగ్రీల పొగలో శబ్దవేగం సెకనుకి సుమారు 590 మీటర్లు. 80 సెంటీమీటర్ల గొట్టంలో అల వెళ్ళి రావడానికి 2.7 మిల్లీసెకన్లు చాలు. ఇంజను అరచుట్టు తిరగడానికి 5000 ఆర్.పి.ఎం. దగ్గర 6 మిల్లీసెకన్లు పడుతుంది, 2000 దగ్గర 15 పడుతుంది. మెల్లగా తిరుగుతున్నప్పుడు అల మరీ ముందే వచ్చి వెళ్ళిపోతుంది. అందుకని దాని ఫలం దక్కేదల్లా ఎక్కువ వేగాల్లోనే.

మరి నా ట్రక్కు ఏ వేగంలో తిరుగుతోంది? చదువుకున్న చదువు ఇక్కడ కాస్త పనికొచ్చింది. ఓ.బి.డి. సాకెట్టుకి బ్లూటూత్ ముక్క తగిలించి వారం రోజులు లాగ్ చేశాను. ఫ్రీవే మీద 70 మైళ్ళ వేగానికి 2000 ఆర్.పి.ఎం. వారం మొత్తంలో 4000 దాటిన సమయం ఒక్క శాతం కూడా లేదు. 1967 నాటి ఆమ్డాల్ సూత్రం గుర్తుందిగా? ప్రోగ్రాములో ఒక శాతం సేపు నడిచే భాగాన్ని ఎంత వేగవంతం చేసినా మొత్తం మీద మిగిలేది ఒక శాతం లోపే. లాంగ్ ట్యూబుల మోజు సగం అక్కడే చచ్చింది.

మిగతా సగాన్ని చట్టం చంపింది. లాంగ్ ట్యూబులు వేస్తే కెటలిటిక్ కన్వర్టర్లని, ఆక్సిజన్ సెన్సర్లని వెనక్కి జరపాలి. దూరం జరిగిన కన్వర్టరు వేడెక్కడానికి ఆలస్యమవుతుంది, పి0420, పి0430 కోడ్లు పలకరిస్తాయి. అసలు ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్టు కిందే ఉద్గార పరికరాల్ని కదపడం తప్పు, కాబట్టి "మేం టెక్సాస్‌లో ఉన్నాం" అని ఊరట పడకండి. కాలిఫోర్నియాలో అయితే వాహన చట్టం 27156వ సెక్షను అదనం. ఇక్కడ హెడ్డరు వేయాలంటే ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డరు నంబరు ఉండాలి. ఆ నంబరు కూడా మీ బండి సంవత్సరానికీ, ఇంజనుకీ వర్తించాలి. పెట్టె మీద అచ్చేసిందని నమ్మకుండా బోర్డు వెబ్‌సైటులో ఆర్డరు తెరిచి చదవండి. ఊళ్ళో ఒక మఫ్లరు షాపతను "స్మాగ్ టెస్టు సంగతి నేను చూసుకుంటాలే" అని కన్ను గీటాడు. నా రిజిస్ట్రేషనుకి రెండు నెలలే ఉంది. దణ్ణం పెట్టి వచ్చేశాను.

ఇక మిగిలినవి రెండు: కొత్త కంపెనీ తరహా మానిఫోల్డు, లేదా నంబరున్న షార్టీ హెడ్డరు. షార్టీలో గొట్టాలు పొట్టివి. కన్వర్టరు, సెన్సర్లు ఉన్నచోటే ఉంటాయి. నిజం చెప్పాలంటే దీనితో పెరిగే హార్స్‌పవరు మీ కాలికి తెలియదు. మోత తగ్గాలనీ, పని త్వరగా కావాలనీ ఉంటే మానిఫోల్డే కొనుక్కోండి, తప్పేమీ లేదు. పోత ఇనుము శబ్దాన్ని కూడా మింగుతుంది. నా మానిఫోల్డు వంగిపోయింది, పైగా చెయ్యి దురద, అందుకని షార్టీ కొన్నాను.

కొనేటప్పుడు నేను పట్టుబట్టినవి చెబుతాను. గొట్టం వ్యాసం 1 5/8 అంగుళాలు. 1 7/8కి వెళ్తే వైశాల్యం మూడో వంతు పెరిగి పొగ వేగం నాలుగో వంతు పడిపోతుంది. మార్పులేవీ చేయని 5.3కి అంత లావు దండగ. హెడ్డుకి ఆనుకునే ఫ్లాంజి 3/8 అంగుళాల మందం, ఎందుకంటే పలచటిది వంగి మళ్ళీ లీకవుతుంది. లోహం స్టెయిన్‌లెస్, లేదా సెరామిక్ పూత వేసిన మైల్డ్ స్టీలు. వట్టి రంగు వేసినవి రోడ్ల మీద ఉప్పు చల్లే మిషిగన్, న్యూజెర్సీల్లో ఎక్కువ కాలం నిలవవు. ఆ గుడ్డపట్టీ చుట్టడం జోలికి పోవద్దు. తేమని పట్టుంచుకుని గొట్టాన్ని తినేస్తుంది.

బిగింపు పనిలో తొంభై శాతం ఆ ఒక్క తెగిన బోల్టే. వారం ముందునుంచి రోజూ తుప్పు వదిలించే నూనె కొట్టాను. శనివారం మొత్తం పోయింది. చివరికి బోల్టు మొండెం మీద నట్టు వెల్డింగు చేయించి, ఆ వేడి మీద మెల్లగా తిప్పితే వచ్చింది. నాన్నగారు పక్కన కుర్చీ వేసుకుని "తొందరపడకు, హెడ్డులోకి డ్రిల్లు దించావంటే ఇంజను దింపాలి" అంటూనే ఉన్నారు. కొత్త బోల్టులు మధ్యనుంచి చివరలకి, రెండు విడతల్లో: మొదట 11, తరవాత 18 పౌండ్ అడుగులు. గాస్కెట్లు కూడా కొత్తవి వేయాలి. ఇక్కడ సన్న లీకు మిగిలినా పొగ దెబ్బల మధ్య బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సరు అది చూసి ఆక్సిజన్ ఎక్కువైందనుకుంటుంది, కంప్యూటరు అనవసరంగా పెట్రోలు పోస్తుంది. తప్పుడు ఇన్‌పుట్టుతో ఫీడ్‌బ్యాక్ లూపు ఎలా తిరుగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

నాలుగైదు సార్లు వేడెక్కి చల్లారాక బోల్టులు మళ్ళీ బిగించాను. ఒకటి పావుచుట్టు తిరిగింది కూడా. నంబరు స్టిక్కరు హుడ్డు కింద అందరికీ కనిపించేలా అంటించాను. బ్యాటరీ తీసి పెట్టాను కనుక కంప్యూటరులోని మానిటర్లన్నీ సున్నాకి వచ్చాయి. 2000 తరవాతి పెట్రోలు బళ్ళకి కాలిఫోర్నియాలో ఒక్క ఎవాపరేటివ్ మానిటరు తప్ప మిగతావన్నీ పూర్తి కావాలి, అందుకని రెండు వారాలు మామూలుగా తిప్పి, అదే బ్లూటూత్ ముక్కతో చూసుకుని, అప్పుడు వెళ్ళాను. టెస్టు చేసినతను స్టిక్కరు మీద నంబరు చూసి కంప్యూటరులో కొట్టుకుని పాసు కాగితం చేతికిచ్చాడు. టిక్ టిక్ లేదు. ఇంజను గొంతు మాత్రం కాస్త మారింది. మా ఆవిడ "ఇంత డబ్బు పోసి మోత కొనుక్కున్నారా?" అంటోంది.