మతం – శాంతి – అభివృద్ధి: మన జిల్లా నుంచే బిట్లు

నగరి, పుత్తూరు దారిలో పెరటాసి నెలలో పసుపు బట్టలతో నడిచే తమిళ భక్తులను చూసే అభ్యర్థులకు ఈ టాపిక్ కొత్త కాదు.

తిరుమల ఆలయ పాలన: 1843లో ఈస్టిండియా కంపెనీ నుంచి హథీరాంజీ మఠం మహంతులకు. తిరుమల తిరుపతి దేవస్థానం (టీటీడీ) చట్టం 1932, దాని కింద పాలన 1933 నుంచి. 1932, 1933లను తారుమారు చేసి అడుగుతారు, జాగ్రత్త.

దేవస్థానం సొమ్ముతో వైద్యం, అన్నదానం: స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులు. నిత్యాన్నదానం 1985లో మొదలు.

మదనపల్లె (ఉమ్మడి చిత్తూరు) ఆరోగ్యవరం: క్రైస్తవ మిషన్లు కలిసి నడిపిన క్షయ ఆసుపత్రి. దేశంలో బీసీజీ టీకా పైలట్ ప్రాజెక్టు 1948లో మొదలైన చోట్లలో ఇదొకటి. అంతర్జాతీయ అభివృద్ధి ప్రశ్నకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు. పుస్తకాలు మాత్రం దీన్ని వదిలేస్తాయి.

ఇక జిల్లా దాటి, రాజ్యాంగం: అధికరణలు 25–28. మత సంస్థల నిర్వహణ 26. మత పోషణకు పన్ను కట్టమని నిర్బంధించరాదు 27. ఎక్కువగా వచ్చేది 27.

శిరూర్ మఠం కేసు, 1954: మతంలో ‘అత్యావశ్యక ఆచారం’ సూత్రం.

ప్రార్థనా స్థలాల చట్టం 1991: ప్రాతిపదిక తేదీ 1947 ఆగస్టు 15, అయోధ్యకు మినహాయింపు.

ఐరాస సర్వమత సామరస్య వారం: ఫిబ్రవరి మొదటి వారం. ప్రతిపాదన జోర్డాన్ రాజు రెండో అబ్దుల్లా, తీర్మానం 2010.