గుర్రపుడెక్కను అణచు ముక్కు పురుగులు

చెరువులలోను, మురుగు కాలువలలోను ఊదారంగు పూలతో పచ్చని చాపవలె పరచుకొను గుర్రపుడెక్కను ఎరుగని రైతు ఉండడు. ఇది దక్షిణ అమెరికానుండి 19వ శతాబ్ది చివర మన దేశమునకు వచ్చినది. అనుకూల పరిస్థితులలో రెండు వారములలోనే రెట్టింపగును. కాలువ పారుదల నిలుచును, మురుగు తీయక పైరు మునుగును, చేపలకు ప్రాణవాయువు చాలదు. కూలీలచే తీయించినను మిగిలిన కొద్ది మొక్కలే మరల నీటిని కప్పును.

పురుగు ఎట్లు పనిచేయును?

పుట్టినచోట ఈ మొక్కను తిను పురుగులు కలవు, ఇక్కడ లేవు. అందుచేతనే ఇంతగా ప్రబలినది. ఈ లోటు తీర్చుటకు నియోకెటినా జాతి ముక్కు పురుగులను 1982లో బెంగుళూరుకు తెప్పించి, పైర్లకు హాని చేయవని పరీక్షించిన పిమ్మటనే చెరువులలో విడిచిరి. వరికి వీటివలన భయము లేదు.

పెద్ద పురుగు సుమారు 5 మిల్లీమీటర్లుండును. రాత్రివేళ ఆకును గీకి చిన్న మచ్చలు చేయును. అసలు నష్టము పిల్ల పురుగు వలన కలుగును. అది కాడను తొలిచి మొవ్వులోనికి దిగును. గాయముల ద్వారా కుళ్ళు ప్రవేశించి, మొక్క క్రమముగా మునిగిపోవును. పిదప పురుగు నీటిలోని వేళ్ళకు గూడు కట్టుకొనును. గ్రుడ్డునుండి పెద్ద పురుగగుటకు మూడు, నాలుగు నెలలు పట్టును.

రైతులు గమనించవలసినవి

1. తొందరపడరాదు. ఫలితము కనుపించుటకు రెండు మూడు సంవత్సరములు పట్టవచ్చును. వెంటనే నీరు పారవలసిన కాలువలో చేతితో తీయుటయే మార్గము.

2. పురుగులు విడిచినచోట కలుపు మందు చల్లరాదు. మొక్క ఒక్కసారిగా చచ్చినచో తిండిలేక పురుగులును నశించును. చెరువును శుభ్రము చేయునపుడు ఒక మూల కొంత మేర కదపక ఉంచవలెను.

3. పురుగులతో మొక్కలను శుభ్రమైన చెరువులకు తీసికొనిపోరాదు, కలుపును నాటినట్లగును. పెద్ద పురుగులను మాత్రమే ఏరి తీసికొనిపోవలెను.

4. ఊరి మురుగు, ఎరువుల నీరు చేరుచోట మొక్క పురుగుకంటె వేగముగా పెరుగును. ముందు ఆ మురుగును మళ్ళించవలెను.

ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1995 మొదలు ఈ పురుగులను విడువగా కొలది ఏండ్లలో కలుపు చాలవరకు తగ్గినది. పిమ్మట కొన్నిచోట్ల మరల పెరిగినది. బురదలోని గింజలు చాల ఏండ్లు బ్రతికియుండును గదా! కనుక పురుగు కలుపును అణచునేగాని నిర్మూలింపదు. చెరువు క్రింది రైతులందరు కలసి నిర్ణయించుకొని, వ్యవసాయాధికారి సలహాతో పని ప్రారంభింపవలెను. ఒకరు పురుగును విడువగా మరొకరు మందు చల్లినచో ఇద్దరి శ్రమయు వ్యర్థమగును.