గేట్లు ఎత్తిన నాలుగు రోజులు

శ్రీశైలం నుంచి వరద దిగి నాగార్జునసాగర్ నీటిమట్టం 590 అడుగులకు దగ్గర పడితే చాలు, హైదరాబాద్ కార్లన్నీ నందికొండ దారి పడతాయి. డ్యామ్ ఏడాది పొడుగునా అక్కడే ఉంటుంది. 26 క్రస్ట్ గేట్లూ ఎక్కడికీ పోవు. అయినా జనం నీళ్లు దూకే ఆ నాలుగు రోజులకే వస్తారు. మళ్లీ మూసేస్తారని తెలుసు కదా! ఈ తొందరను చదవగలిగినవాళ్లకు ఆన్‌లైన్ మార్కెటింగ్‌లో కొలువులున్నాయి.

అమెరికన్ సైకాలజిస్టు రాబర్ట్ చాల్డీని 1984 నాటి ‘ఇన్‌ఫ్లుయెన్స్’ పుస్తకంలో, కొద్దిసేపే దొరికేదాని కోసం పడే ఈ ఆరాటం వెనకున్న సూత్రాన్ని ‘స్కేర్సిటీ’ అన్నారు. నలుగురిని చూసి మనమూ అదే చేయడం ‘సోషల్ ప్రూఫ్’. అదెలా ఉంటుందో చూడాలంటే ఒక ఆదివారం సాగర్‌లో చేపల వేపుడు బండ్ల దగ్గర నిలబడండి. ఎర్రగా కారం పట్టించిన ముక్కలు ఏ బండి మీద చూసినా ఒకేలా ఉంటాయి. కారు దిగిన కుటుంబం మాత్రం అప్పటికే పదిమంది తింటున్న బండి దగ్గరికే నడుస్తుంది. ఫోన్‌లో రేటింగులు, రివ్యూలు చేసే పని అదే.

ఆన్‌లైన్ మార్కెటింగ్‌లోకి రావడానికి ఫలానా డిగ్రీయే ఉండాలని లేదు. గూగుల్ స్కిల్‌షాప్‌లో యాడ్స్ కోర్సులు, సర్టిఫికెట్ ఉచితం. అంతకన్నా పనికొచ్చేది ఇంకోటుంది. మీ ఊళ్లో తెలిసిన దుకాణం ఒకటి అడిగి పట్టుకోండి. ఒకే సరుకుకు తెలుగులో రెండు ప్రకటనలు రాసి, రెంటికీ సమానంగా కొద్ది డబ్బు పెట్టి, దేనికి ఎన్ని ఫోన్లు వచ్చాయో నోట్‌బుక్‌లో రాసుకోండి. దీన్నే ఏ/బీ టెస్టింగ్ అంటారు. కాపీరైటర్ ఉద్యోగానికైనా, యాడ్స్ నడిపే ఉద్యోగానికైనా ఇంటర్వ్యూలో ఆ నోట్‌బుక్కే మీ తరఫున మాట్లాడుతుంది. మన జిల్లాల మాట తెలిసి రాసేవాళ్లు కంపెనీలకు కావాలి.

ఒక్క విషయంలో గట్టిగా చెబుతున్నా. గేట్లు మూయడం నిజం, అందుకే ఆ తొందరలో మోసం లేదు. హోటల్లో ఇరవై గదులు ఖాళీగా పెట్టుకుని ‘ఇంకా రెండే’ అని రాయడం మోసం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇలాంటి 13 రకాల ‘డార్క్ ప్యాటర్న్స్’ను నిషేధించింది. బాస్ చెప్పినా రాయకండి.

ఈ దొంగ తొందర వల ముందు మీ మీదే పడుతుంది. డిజిటల్ మార్కెటింగ్ కోర్సు కోసం వెతకగానే ‘ఈ రాత్రి వరకే సగం ఫీజు’ అంటూ గడియారం తిరుగుతుంది. తొందరపడకండి. రేపు పొద్దున అదే పేజీ మళ్లీ తెరవండి. గడియారం మళ్లీ మొదటినుంచి తిరుగుతుంటే అక్కడ ఫీజు కట్టకండి.