ఫోల్డరు బొమ్మ కనబడనప్పుడు

కంప్యూటరులో మనము వ్రాసికొన్న పాఠములను, చిత్రములను భద్రపరచుటకు ఫోల్డరులను ఏర్పరచుకొందుము. మామూలుగా అవి యన్నియు ఒకే తీరున కనబడును. కావలసినదానిని వెంటనే గుర్తించుటకై కొందరు ఒక్కొక్క ఫోల్డరునకు ఒక్కొక్క బొమ్మను తగిలింతురు. దీనినే ఐకాను అందురు.

మన ప్రాంతములలో ఈ బొమ్మకు మరియొక ప్రయోజనము కూడ కలదు. పిల్లలు తెలుగు చదువుచున్నారు. ఇంట తెలుగే మాటలాడు తల్లిదండ్రులలో పలువురు కన్నడమునో, తమిళమునో, ఒడియానో చదువుకొన్నవారు. "సామెతలు" అను పేరును చదువలేని తల్లి కూడ దానిపై నున్న బొమ్మను చూచి ఆ ఫోల్డరును తెరువగలదు. ఒకనాడు ఆ బొమ్మ మాయమై మామూలు గుర్తు కనబడినచో, పిల్లవాడు కూర్చినదంతయు పోయినదని ఇంట కలవరము పుట్టును. తొందరపడి ఆ ఫోల్డరును తుడిచివేసి, క్రొత్తదానిని పెట్టువారును కలరు. నిజమైన నష్టము అప్పుడే కలుగును. కావున ఈ సంగతిని కొంత వివరముగా తెలిసికొందము.

బొమ్మ యెచ్చట నుండును?

విండోస్‌లో బొమ్మ వేరు, ఫోల్డరు వేరు. "ఫలానా చోట నున్న ఫలానా బొమ్మను చూపుము" అని ఒక చిరునామా మాత్రమే వ్రాయబడి యుండును. చిరునామా తప్పినయెడల ఉత్తరము చేరదు గాని ఇల్లు కూలిపోదు గదా! అట్లే, బొమ్మ దొరకనప్పుడు కంప్యూటరు మామూలు గుర్తును చూపును. లోపలి ఫైలులకు హాని లేదు.

చిరునామాను వ్రాయు చోటు అన్నిట ఒకటి కాదు. విండోస్‌లో అది ఆ ఫోల్డరులోపలనే, "డెస్క్‌టాప్ డాట్ ఐ.ఎన్.ఐ." అను మరుగు ఫైలులో నుండును. లినక్స్ కంప్యూటరులలో కె.డి.ఇ. వారి డాల్ఫిన్ కూడ ఫోల్డరులోపలనే, "డాట్ డైరెక్టరీ" అను మరుగు ఫైలులో వ్రాయును. గ్నోమ్ వారి ఫైల్స్ మాత్రము ఫోల్డరులో వ్రాయక, వాడుకరి సొంత ఖాతాలో వేరుగా దాచును. అందువలన ఒకే కంప్యూటరులో అన్న పెట్టిన బొమ్మ, వేరు ఖాతాతో ప్రవేశించిన చెల్లెలికి కనబడదు. పెన్‌డ్రైవులో వేసికొని వేరొక కంప్యూటరునకు తీసికొనిపోయినను బొమ్మ వెంట రాదు.

కారణములు, నివారణోపాయములు

మొదట ఫోల్డరును తెరచి ఫైలులున్నవో లేవో చూడవలెను. లేకున్నచో అది వేరు సంగతి. దేనిని తుడువక, క్రొత్తది వ్రాయక, ఉపాధ్యాయునికి తెలుపవలెను. ఉన్నచో ఈ క్రింది కారణములను వరుసగా పరిశీలింపవలెను.

1. బొమ్మ ఫైలు చోటు మారుట. దానిని తుడిచినను, పేరు మార్చినను, వేరొక చోటికి జరిపినను చిరునామా తప్పును. పెన్‌డ్రైవునకు ఇంట "ఇ" అను అక్షరము, బడిలో "ఎఫ్" అను అక్షరము వచ్చినను ఇట్లే జరుగును. బొమ్మను ఆ ఫోల్డరులోపలనే ఉంచి, చిరునామాలో దాని పేరు మాత్రమే వ్రాసినచో ఈ చిక్కు రాదు.

2. ఫోల్డరు లక్షణము పోవుట. విండోస్ మరుగు ఫైలును లెక్కచేయుటకు ఫోల్డరునకు "రీడ్ ఓన్లీ" లేక "సిస్టమ్" అను గుర్తు ఉండవలెను. నకలు తీయునప్పుడు ఇది జారిపోవచ్చును. ఫోల్డరుపై కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్, కస్టమైజ్, చేంజ్ ఐకాన్ అను వరుసలో బొమ్మను మరల ఎన్నుకొన్నచో గుర్తు కూడ తిరిగి వచ్చును.

3. పాత నకలు నిలిచియుండుట. వేగము కొరకు విండోస్ బొమ్మల నకళ్లను "ఐకాన్ కేష్" అను నిల్వలో దాచుకొనును. ఇది చెడినచో పలు బొమ్మలు ఒక్కమారుగా తప్పుగా కనబడవచ్చును. కంప్యూటరును ఆపి తిరిగి నడుపవలెను. అప్పటికిని సరిపడనిచో, ఉపాధ్యాయుని సాయముతో ఆ నిల్వను తొలగింపవచ్చును. విండోస్ దానిని తానే మరల తయారుచేసికొనును.

ఒక హెచ్చరిక. పెన్‌డ్రైవులోని ఫోల్డరులపై నిన్నటిదాక లేని చిన్న బాణపు గుర్తు నేడు కనబడినచో దానిని నొక్కరాదు. వైరస్ అసలు ఫోల్డరులను మరుగుపరచి, వానివంటి బొమ్మలను ముందు నిలుపుట కలదు. బొమ్మ ఉన్నంత మాత్రమున అన్నియు క్షేమమని గాని, లేనంత మాత్రమున అన్నియు పోయినవని గాని తలపరాదు.

పేరే ముఖ్యము

బొమ్మ జారిపోవును గాని, పేరు ఫోల్డరుతోనే ప్రయాణము చేయును. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగు లిపికి చోటు లభించినది. కావున నేటి కంప్యూటరులలో ఫోల్డరునకు తెలుగులోనే పేరు పెట్టవచ్చును. ప్రక్కనే కన్నడములోనో, తమిళములోనో అదే పేరును వ్రాయుటకు కూడ వీలున్నది. ఇట్లు రెండు లిపులలో వ్రాయుమని మేము విద్యార్థులకు చెప్పుచుందుము.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. ఫోల్డరుపై నున్న ఆ నాలుగక్షరములను మీ పిల్లలచేత చెప్పించుకొని నేర్చుకొనుడు. బొమ్మ కనబడని దినమున పేరు చదువగలవారు ఇంట ఒక్కరే కాక ఇద్దరుండుట మేలు.

అభ్యాసము

1. బొమ్మ పోయినను ఫైలులు పోకుండుటకు కారణమేమి?

2. గ్నోమ్‌లో పెట్టిన బొమ్మ వేరొక కంప్యూటరులో ఏల కనబడదు?

3. మీ యింటి కంప్యూటరులో ఒక ఫోల్డరునకు రెండు లిపులలో పేరు పెట్టి, దానిని మీ అమ్మగారిచేతనో నాన్నగారిచేతనో చదివింపుడు.